మాటల పుట్టుక: పెలేషియల్



మొన్న నేనూ మా మనుమడూ మెట్రో బండిలో రాయదుర్గం నుంచి తిరిగి వస్తున్నాము. హైటెక్ సిటీ దగ్గర ఒక పెద్ద ప్రకటన బల్లమీద 'పెలేషియల్ ఇళ్ళు' అని ఇంగ్లీషులో రాసి ఉన్నది.

"తాతయ్యా, పెలేషియల్ అంటే ఏమిటి?" అన్నాడు వాడు.

"రాజభవనమంత గొప్పది, విశాలమైనది" అన్నాను.

"రాజభవనం ప్యాలెస్ కదా! దాన్లో 'సి' ఉన్నది. దీన్లో 'టి' ఎందుకు వచ్చింది?"

మీలోనూ చాలామంది స్పెల్లింగు తప్పేది ఇక్కడే. సంగతి వినండి.

రోము ఏడు కొండల నగరం. వాటిలో ఒక కొండ పేరు పలాటియం. సుమారు 2,000 సంవత్సరాల కిందట అగస్టస్ చక్రవర్తి ఆ కొండమీద నివసించేవాడు. తరవాతి చక్రవర్తులు అక్కడే ఇంకా పెద్ద భవనాలు కట్టించారు. క్రమంగా జనం చక్రవర్తి ఇంటినే ఆ కొండ పేరుతో పిలవసాగారు. ఆ తరవాత ఏ రాజు ఇల్లయినా సరే, కింద కొండ ఉన్నా లేకున్నా, అదే పేరు! ఈ మాట ఫ్రెంచివారి నోట అరిగి, 'టి' పోయి, ఇంగ్లీషులో ప్యాలెస్ అయింది. పెలేషియల్ అలా కాదు. దాన్ని 18వ శతాబ్దంలో లాటిన్ మాటనుంచే తిన్నగా కల్పించుకున్నారు. అందుచేత 'టి' నిలిచింది.

మన 'సౌధం' కూడా ఇటువంటిదే. సుధ అంటే సున్నం. సున్నం పూసిన మేడ సౌధం. 'అద్దాల సౌధాలు' అని ఎవరైనా రాస్తే నాకు నవ్వు వస్తుంది.

మన నగరంలో పెలేషియల్ అనదగినది ఫలక్‌నుమా. 1884లో మొదలుపెట్టి గుట్టమీద కట్టారు; ఆరో నిజాం అందులో ఉన్నాడు. మూడు గదుల ఫ్లాటుకు ఈ మాట తగిలించటం నాకు నచ్చదు.

హైటెక్ సిటీ వైపు కూడా గుట్టలకు కొదువ ఉండేది కాదు. అవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు బండలు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తరవాత మేడలకోసం, రోడ్లకోసం చాలావాటిని పగలగొట్టారు. రోము కొండకు పేరయినా మిగిలింది.

ఇదంతా విని మా వాడు కిటికీలోంచి చూస్తూ, "ఆ మేడ కింద కూడా కొండ ఉండేదా?" అన్నాడు.

"ఆ మేడ సంగతి తెలియదు. 1988లో మా తొమ్మిదో తరగతి పిల్లలను ఈ దిక్కుకే విహారానికి తీసుకువచ్చాను. దుర్గం చెరువు పక్కన ఏనుగంత బండమీద కూర్చుని పులిహోర తిన్నాము" అన్నాను.

బండి దిగేదాకా వాడు ఆ బండకోసం వెతుకుతూనే ఉన్నాడు.