వెబ్‌సైట్ గడపా చట్టం పరిధిలోదే

వట్లూరులో ఉండే చూపు లేని మనిషి ఏలూరు వెళ్లి చొక్కా కొనుక్కోవాలంటే వెంట ఒకరు ఉండాలి. ఆన్‌లైన్ అంగడి వచ్చాక ఆ తోడు అవసరం తప్పాలి. ఫోన్‌లోని టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఉచితంగా వేసుకునే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్లు తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తాయి. చదవడానికి అక్కడ అక్షరాలంటూ ఉండాలి కదా! చీర రంగు, ధర, తగ్గింపు అన్నీ కలిపి ఒకే బొమ్మగా అతికించే సైట్లు మన దగ్గర కొల్లలు. పండగ ఆఫరంటే పోస్టరే. వినేవాడి చెవిన పడేది ‘ఇమేజ్’ అన్న ఒక్క ముక్క. పేరు పెట్టని మీట ‘బటన్’ అని మాత్రమే పలుకుతుంది. నొక్కితే కార్టులో పడుతుందో, ఆర్డరే రద్దవుతుందో తెలియదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు కాబట్టి పిచ్చి గుర్తులుగా వినిపిస్తుంది. వీటన్నిటినీ దాటినవాణ్ని వంకర అక్షరాల క్యాప్చా ఆపేస్తుంది.

దీన్ని దయాదాక్షిణ్యాల వ్యవహారంగా చూసే వ్యాపారులే ఎక్కువ. చట్టం అలా చూడటం లేదు. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 46వ సెక్షన్ ప్రభుత్వ సేవలతో పాటు ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. వైద్యుల అపాయింట్‌మెంట్లు ఇప్పించే ప్రాక్టో యాప్ తనకు పనికిరావడం లేదని చూపులేని న్యాయవాది ఒకరు ఫిర్యాదు చేస్తే, 2022లో దివ్యాంగుల చీఫ్ కమిషనర్ ఆ సంస్థను యాప్ సరిచేయమని ఆదేశించారు.

అసలు మలుపు 2024 నవంబరు 8న వచ్చింది. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగులు వాడుకోగలిగేలా ఉండాలనే సౌలభ్య ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన దివ్యాంగుల హక్కుల నియమాల్లోని 15(1) నిబంధన ఆ చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. తప్పనిసరి నిబంధనలను 3 నెలల్లో రూపొందించమని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన అధ్యయనం హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రానిది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు తేల్చింది.

దివ్యాంగుల హక్కుల చట్టం కింద జరిమానా మొదటిసారి 10,000 రూపాయలకు మించదు. మళ్లీ ఉల్లంఘిస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా. ఇంతేనా అనిపించవచ్చు. కానీ కంపెనీ తప్పు చేస్తే బాధ్యులైన వ్యక్తులనూ దోషులుగా చూసే 90వ సెక్షన్ ఉంది. పైగా గడువు పెట్టి సైట్ మార్చమంటే అయ్యే ఖర్చు జరిమానా కంటే ఎక్కువ.

అమెరికాలో టార్గెట్ దుకాణాల సంస్థ మీద సైట్ అంధులకు పనికిరావడం లేదని 2006లో అంధుల సమాఖ్య వేసిన దావా 2008లో 60 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. అక్కడా అన్ని తీర్పులూ ఒకే దారిన లేవు: విన్‌డిక్సీ కిరాణా దుకాణాల కేసులో అంధుడికి అనుకూలంగా వచ్చిన తీర్పును 2021లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. ఏటా వేలల్లో పడే దావాల్లో కొన్ని లాయర్ల బతుకుతెరువు కోసమేనన్న విమర్శ కూడా ఉంది, అది పూర్తిగా అబద్ధం కాదు. ఐరోపా మాత్రం 2025 జూన్ 28 నుంచి ఆన్‌లైన్ అమ్మకాలకు సౌలభ్యాన్ని తప్పనిసరి చేసింది. ఏలూరు తివాచీని సొంత సైట్‌లో నేరుగా జర్మనీ ఇంటికి అమ్మేవారు ఈ తేదీని గుర్తుంచుకోవాలి. పది మంది లోపు సిబ్బంది, 20 లక్షల యూరోలు దాటని టర్నోవరు ఉన్న సేవా సంస్థలకు మినహాయింపు ఉంది.

చిన్న వ్యాపారి స్వయంగా కోడ్ రాయడు. తెలిసిన కుర్రాడి చేత చేయిస్తాడు. అందుకే వట్లూరులోని సర్ సి.ఆర్.రెడ్డి ఇంజినీరింగ్ కళాశాల లాంటి చోట్ల ప్రాజెక్టులకు మార్కులు వేసే ముందు కళ్లు మూసుకుని స్క్రీన్ రీడర్‌తో నడిపించి చూడాలి. భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన సౌలభ్య ప్రమాణం ఐఎస్ 17802 ఇందుకు సిద్ధంగానే ఉంది. సైట్ చేయించుకునే వ్యాపారులు ఒప్పందంలో ఆ ప్రమాణం పేరు రాయించి, పరీక్ష పూర్తయ్యాకే చివరి వాయిదా చెల్లించాలి.