హంతకుడికి రక్షణ, కాంపౌండరుకు నరకం

1994 మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్ జైల్లో జెఫ్రీ డామర్‌కు బాప్తిస్మం ఇచ్చారు. అతను 17 మందిని చంపాడు, అందరూ యువకులూ కుర్రాళ్లే. ఈమధ్య ఒక కూడికలో పాస్టరు గారు ఈ సంగతి చెప్పి, కృప అంటే ఇదీ అన్నారు. జనం స్తోత్రం అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ 17 మందిలో ఒకడు లావోస్ నుంచి వచ్చిన శరణార్థుల బిడ్డ, 14 ఏళ్లవాడు. 1991 మే 27న మిల్వాకీ వీధిలో నెత్తురోడుతూ, ఒంటిమీద బట్టల్లేకుండా కనిపించాడు. ఇద్దరు నల్లజాతి అమ్మాయిలు వాణ్ని కాపాడాలని పోలీసులతో వాదించారు. పోలీసులు వినకుండా పిల్లవాణ్ని తీసుకెళ్లి డామర్‌కే అప్పగించారు. కాసేపటికే డామర్ వాణ్ని చంపేశాడు. ఆ అమ్మాయిల్లో ఒకరి తల్లి పోలీసులకు మళ్లీ మళ్లీ ఫోన్ చేసింది.

విశ్వాసం ఒక్కటే చాలనే బోధలో ఆ తల్లి తపన రక్షణ లెక్కకు రాదు, హంతకుడి నమ్మకం వస్తుంది. క్షమించే హక్కు మొదట ఆ పిల్లవాడిది. వాణ్ని అడిగిందెవరు? వాడు యేసును నమ్మకుండా పోయివుంటే, చంపినవాడు పరలోకానికీ, చచ్చినవాడు నరకానికీ వెళ్లాలి. దీన్ని ప్రేమ అని ఎలా అనగలరు?

ఈ బోధను ముందుకు తెచ్చిన మార్టిన్ లూథర్, పాపపరిహార పత్రాలు అమ్ముకోవడం మీద తిరగబడ్డాడు, అది న్యాయమే. కానీ క్రియలు లేని విశ్వాసం చచ్చినదన్న యాకోబు పత్రికను 1522లో ఆయన గడ్డితో పోల్చి తీసిపారేశాడు. విశ్వాసం ఒక్కటే చాలన్నవాళ్లను 1547లో కతోలిక చర్చి ట్రెంట్ సభ శపించింది. లూథరన్లూ కతోలికులూ రాజీపత్రం మీద సంతకాలు చేసేసరికి 1999 వచ్చింది.

ఈ బోధ ఎవరిని కోస్తుందో నేను దగ్గరగా చూశాను. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక కాంపౌండరు ఉండేవాడు. అర్ధరాత్రి తలుపు కొట్టినా సైకిలెక్కి వచ్చేవాడు, వాంతులూ విరేచనాలతో వాలిపోయిన పిల్లలకు సెలైన్ పెట్టి తెల్లారేదాకా కూర్చునేవాడు. భార్య విశ్వాసి, ఆయన బాప్తిస్మం తీసుకోలేదు. ఆయన పోయాక ఇంట్లో పెట్టిన కూడికలో, మంచిపనులు మనిషిని రక్షించవని ఆమె ముందే ప్రసంగం చేశారు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు, మా ఆయన ఎక్కడున్నాడో అని కనిపించినవాళ్లందరినీ అడిగేది.

విశ్వాసం చెట్టు, సత్క్రియలు దాని ఫలాలు అని సమాధానం చెబుతారు. మరి ఆ చెట్టే లేనిచోట ఇంత పంట ఎలా పండింది? దీనికి ఆంగ్లికన్ చర్చి ఏనాడో జవాబు రాసిపెట్టుకుంది. 1571లో ఖరారైన 39 నిబంధనల్లో 13వది, క్రీస్తు కృప పొందకముందు చేసిన పనులు దేవుడికి ఇష్టం కావనీ, వాటిలో పాప స్వభావం ఉందనీ అంటుంది. ఆ చర్చి మనకు పరాయిదేమీ కాదు, 1841లో మచిలీపట్నం వచ్చిన మిషనరీలు ఆ చర్చివాళ్లే. నిద్ర మానుకుని పరాయి బిడ్డ ప్రాణం నిలబెట్టడంలో పాపం ఎక్కడుందో, ఆ మాట రాసినవాళ్లు గానీ, ఇవాళ అదే ప్రసంగించేవాళ్లు గానీ ఆ బిడ్డ తల్లి ఎదుట నిలబడి చెప్పాలి.