ఐదు చక్రముల రోవరు

మొన్నటి విజ్ఞాన ప్రదర్శనమునకు ఎనిమిదవ తరగతి బాలుడొకడు లెగో ఇటుకలతో అంగారక గ్రహమున సంచరించు రోవరు నొకదానిని కూర్చి తెచ్చెను. ఆరు చక్రము లుండవలసిన బండికి ఐదే యుండెను. ఆరవది యేదని యడిగితిమి. వాడు నవ్వకయే యిట్లు చెప్పెను:

"మాస్టారండీ, ఇది దిగిన చోట నాడు సంత జరుగుచుండెను. ఆశీలు గుమాస్తా బండిని నిలిపి పైక మిమ్మనెను. భూమికి కబురంపి జవాబు రప్పించుటకు గంట సేపైనను పట్టవచ్చును గదా! అంతవరకు ఒక చక్రమును తాకట్టు పెట్టినది. రసీదు కూడ నున్నది." అని మూత తీసి చూపగా, లోపల పసుపుపచ్చని చిన్న ఇటుక యొకటి భద్రముగా నుండెను.

చూడవచ్చిన తల్లిదండ్రులు కడుపుబ్బ నవ్విరి. పరీక్షకులలో నొకడనైన నేనును నవ్వితిని. నవ్వి, పిమ్మట "విషయ పరిజ్ఞానము" అను గడిలో సున్న వేసితిని. అట్టపెట్టెలోని పుస్తకము ప్రకారము అన్ని చక్రములను బిగించి, బండిని గూర్చి యొక్క మాటయు చెప్పలేకపోయిన వేరొక విద్యార్థికి బహుమాన మిచ్చితిమి. ఆ సున్న తప్పని యిప్పుడు నా యభిప్రాయము.

కబురు సంగతి చూడుడు. అంగారకుడు మనకు మిక్కిలి దూరముగా నున్నప్పుడు రేడియో సంకేతము పోవుటకే 20 నిమిషములకు పైగా పట్టును. రాకకు మరల నంతయే. కావుననే ఆ బండ్లను ఇచ్చట కూర్చుండి బొమ్మకారువలె నడుప వీలులేక, ఆజ్ఞలను ముందుగనే పంపుదురు. ఈ సంగతి నేను నల్లబల్లపై ఎన్ని మారులు వ్రాసినను నిలువలేదు. తాకట్టు కథ విన్న పిల్లలు మాత్రము మరువలేదు.

చక్రము పోవుటయు వట్టి కల్పన గాదు. 2004 జనవరిలో అంగారకునిపై దిగిన నాసావారి స్పిరిట్ రోవరునకు 2006లో ముందరి కుడిచక్రము తిరుగుట మానెను. అది వెనుకకు నడచుచు, ఆ కుంటికాలిని ఈడ్చుకొని పోయెను. 2007లో ఆ చక్రము గీచిన గాడిలో తెల్లని సిలికా మన్ను బయటపడెను. పూర్వ మచ్చట వేడినీరో ఆవిరియో యుండెనని శాస్త్రజ్ఞులు దానివలన గ్రహించిరి. మా బాలుడు ఇంతకంటె వింతకథ నేమి కల్పింపగలడు? ఆ స్పిరిట్‌కును, దాని తోడి ఆపర్చునిటీకిని పేర్లు పెట్టినది 9 ఏండ్ల బాలిక. 2003లో ముగిసిన వ్యాసపు పోటీలో నెగ్గి పెట్టినది. ఆ పోటీని జరిపినవారిలో లెగో కంపెనీయు నుండెను.

కట్టుకథ అబద్ధము గాదా యని తోడి ఉపాధ్యాయు డొకరు నన్నడిగిరి. వినువారికి కథయని తెలిసియుండగా మోసమెక్కడిది? తెలియని దానిని తెలిసినట్లు అప్పజెప్పుటయే నాకు అబద్ధముగా తోచుచున్నది. దానికి మేము ఏటేట మార్కు లిచ్చుచున్నాము. తల్లిదండ్రులకును ఒక మనవి: వెలపెట్టి కొన్న ఇటుకలని అద్దాల బీరువాలో దాచకుడు. బండి విరిగినచోటనే సాధారణముగా కథ పుట్టును.

పట్టిక దిద్దుటకు గడువు దాటినది. ఆ మాట చెప్పి, తప్పు నాదేయని బాలునితో నొప్పుకొంటిని. వాడు కొంత సేపాలోచించి, "పరవాలేదండీ, సున్న గుండ్రముగనే యున్నది గదా, ఆరవ చక్రముగా బిగించుకొందును" అనెను.