యంత్రానికి అప్పు సరే, మనుషుల మాటేమిటి?

హైదరాబాదు చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడలలో పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పనికి పెద్ద పేరే ఉంది: మానవ వనరుల సలహాదారు. పదిమంది నుంచి ఎనభైమంది దాకా పనివారున్న చిన్న యూనిట్లకు మనుషులను వెతికిపెట్టడం, నియామక పత్రాలు రాయించడం, నెలనెలా పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు కట్టించడం, నోటీసు వస్తే జవాబు తయారుచేయడం, మానేసినవారి లెక్కలు తేల్చడం ఆ పని. ఇన్నేళ్లలో ఏ యజమానీ కులం పేరెత్తి నన్ను మనిషిని అడగలేదు. అడగవలసిన అవసరమూ వారికి రాలేదు. "స్టోర్స్ చూసుకోవడానికి నమ్మకస్తుడు కావాలండీ, మనవైపు కుర్రాడైతే మంచిది" అంటారు. "వాళ్ల నాన్న ఏం చేస్తాడో కాస్త కనుక్కోండి" అంటారు. ఆ "మనవైపు" ఏ వైపో ఇద్దరికీ తెలుసు.

నేను మాదిగవాడలో పుట్టినవాణ్ని. నా ఇంటిపేరు కులాన్ని పట్టివ్వదు గనుక ఆ "మనవైపు"లో వారు నన్నూ కలుపుకునేవారు. మొదటి నాలుగైదేళ్లు నేను వారు కోరినట్టే దరఖాస్తులు వడపోశాను. ఈ సంగతి ఒప్పుకోకుండా ఈ వ్యాసం రాయడం నాకు సబబుగా తోచలేదు.

ప్రైవేటు నియామకాలలో కులవివక్ష ఉందని రుజువు చేయడానికి నా అనుభవం అక్కరలేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం అందుకు చాలు. ఆంగ్ల దినపత్రికల ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి వారు దరఖాస్తులు పంపారు. పిలుపు అందే అవకాశం అగ్రకుల హిందూ పేరుకు 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33గా తేలింది. అదే ఏడాది ప్రచురితమైన మరో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీలో 25 సంస్థల నియామకాధికారులతో మాట్లాడారు. కులం పట్టించుకోమని చెబుతూనే ఆ అధికారులు "కుటుంబ నేపథ్యం" గురించి అడిగేవారు. అయితే అవి ప్రకటనలిచ్చే, ఇంటర్వ్యూలు జరిపే సంస్థలు. చిన్న యూనిట్ ప్రకటన ఇవ్వదు, దరఖాస్తూ అడగదు. ఒక ఫోనుతో పని అయిపోతుంది. అక్కడ వివక్షను కొలవడానికి కాగితమే మిగలదు.

విద్యార్థుల సభలలో ప్రైవేటు రంగ రిజర్వేషన్ల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఉద్యోగం అడిగేవాడి గురించే మాట్లాడుకుంటాం. ఉద్యోగం ఇవ్వడానికి నిలబడిన దళితుడి గురించి మాట్లాడుకునేది తక్కువ. నా వృత్తి నాకు నేర్పిన విషయం ఇక్కడే ఉంది. ఆధిపత్య కులపు చిన్న యజమానికి మానవ వనరుల శాఖ అతడి కులమే. ఫోర్‌మన్ బావమరిది చెప్పిన మనిషి. లెక్కలు రాసేవాడు సొంతూరి కుర్రాడు, కులసంఘం హాస్టల్లో ఉండి చదువుకున్నవాడు. ఆడిటర్ దూరపు చుట్టం. నోటీసు వస్తే ఎవరిని కలవాలో చెప్పడానికి ఒక పెదనాన్న ఉంటాడు. దీనికెవరూ ఫీజు అడగరు, ఏ బ్యాలెన్స్ షీటులోనూ ఇది కనబడదు. నావంటివాడిని అతడు పిలిచేది మిగిలిన కాస్త పనికే. దళిత యజమాని మాత్రం ఇవన్నీ బజారులో డబ్బిచ్చి కొనుక్కోవాలి. పైగా బజారు అతడికి అన్నీ అమ్మదు.

చర్లపల్లి వైపు నాకు తెలిసిన ఒక షీట్‌మెటల్ యూనిట్ ఉంది. యజమాని దళితుడు, డిప్లొమా చదివినవాడు. బ్యాంకు రుణంతో పవర్ ప్రెస్ కొన్నాడు, ఒక ప్రభుత్వ రంగ సంస్థ నుంచి ఆర్డరూ సంపాదించాడు. డైలు అమర్చడం తెలిసిన అనుభవజ్ఞుడు మాత్రం దొరకలేదు. ఇద్దరు చేరారు; యజమాని ఎవరో తెలిశాక, జీతం పెంచుతానన్నా నిలవలేదు. అందులో ఒకరు "ఇంట్లో ఒప్పుకోవడం లేదు" అని దాపరికం లేకుండానే చెప్పి వెళ్లాడు. చివరికి తన వాడ నుంచి ఐటీఐ చదివిన కుర్రాళ్లను తెచ్చుకుని పని నేర్పుకున్నాడు. ఎనిమిది నెలలు పట్టింది. ఆర్డరు ఆలస్యమై జరిమానా పడింది.

ఇతడూ తన కులంవారినే పెట్టుకున్నాడు కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. వచ్చినవారిని నిలుపుకోలేకపోయినవాడిని, అసలు రానివ్వనివాడిని ఒకే గాటన కట్టడం నాకు చేతకాదు.

ఈలోగా పనివారు పద్నాలుగుమంది అయ్యారు. ఇరవైమంది చేరితే పీఎఫ్ వర్తిస్తుందని అతడు విన్నాడు. పదిమందితోనే ఈఎస్ఐ మొదలవుతుందని అతడికి ఎవరూ చెప్పలేదు. ప్రెస్ కింద ఒక కుర్రాడి వేలు తెగినప్పుడు ఆ సంగతి బయటపడింది. ఆసుపత్రి ఖర్చంతా చేతి నుంచే పెట్టుకున్నాడు. తర్వాత రెండేళ్ల బకాయిలకు, వడ్డీకి నోటీసు వచ్చింది. యజమాని వాటా జీతంలో 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. గడిచిన నెలల కార్మికుడి వాటాను ఇప్పుడు జీతం నుంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు గనుక అదీ యజమానే కట్టాలి. సొమ్ము గురించి అతడు పెద్దగా మాట్లాడలేదు. నోటీసు నా ముందు పెట్టి, "అన్నా, నేను మనోళ్లకే ఎగ్గొట్టిన్నా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. చట్టం దృష్టిలో ఎగ్గొట్టినట్టే. కార్మికుడూ దళితుడే అయినందువల్ల అతడి వేలికి విలువ తగ్గదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు చేసే మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే ఉండాలన్న లక్ష్యం 2012 ఉత్తర్వులోనే ఉంది. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణానికి దారి చూపింది. అదే ఏడాది జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ మొదలైంది. తెలంగాణలో దళితబంధు కుటుంబానికి 10 లక్షలు ప్రకటించింది. ఇవన్నీ ఆస్తిని లెక్కపెడతాయి: యంత్రం, వాహనం, షెడ్డు. బ్యాంకు మేనేజరు వచ్చి యంత్రం ఉందో లేదో చూసి పోతాడు, దాన్ని నడిపేవాడి ఊసెత్తడు. శిక్షణ తరగతులు జరుగుతాయి, నిజమే. నేనూ కొన్నింటికి వెళ్లి మాట్లాడాను. మూడు రోజుల తరగతి తర్వాత యజమాని తన షెడ్డులోకి ఒంటరిగానే తిరిగివెళ్తాడు.

2005 ఆర్థిక గణన ప్రకారం దేశంలోని సంస్థలలో ఎస్సీల చేతిలో ఉన్నవి 9.8 శాతం, జనాభాలో వారి వాటా 16.4 శాతం. ఈ అంతరాన్ని పరిశీలించిన లక్ష్మీ అయ్యర్, తరుణ్ ఖన్నా, అశుతోష్ వర్ష్నే, భౌతిక వనరులలోనూ చదువులలోనూ ఉన్న తేడాలతో దాన్ని వివరించలేమన్నారు. మిగిలిన దాని పేరేమిటన్నది పండితుల చర్చ. పారిశ్రామిక వాడలో దాన్ని ఫోన్ నంబర్లు అంటారు.

ఇప్పుడు కొత్త కార్మిక స్మృతులు వచ్చాయి. 29 చట్టాలను నాలుగుగా కుదించి 2025 నవంబరు 21 నుంచి అమలులో పెట్టారు. వాటిలోని పలు అంశాలపై కార్మిక సంఘాల అభ్యంతరాలు నావి కూడా. అయితే ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధనను నేను స్వాగతిస్తాను. నోటిమాటతో నడిచే చోటికి కాగితం రావడం మొదటి మెట్టు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అంటరానితనం పేరిట ఉద్యోగానికి అడ్డుపడటాన్ని నేరమనే అంటోంది. కాగితం లేని చోట ఆ నేరాన్ని నిరూపించేదెలా? కానీ ఆ కాగితం రాసేదెవరు? చుట్టాలలో ఆడిటర్ ఉన్నవాడికి అది ఒక సాయంత్రం పని. లేనివాడికి అది మరో నోటీసు.

కనుక నేను అడిగేది చిన్నదే. రుణంతోపాటు మొదటి మూడేళ్లు నియామకాలు, జీతాలు, చలాన్లు చూసిపెట్టే మనిషి ఖర్చును కూడా పథకంలో భాగం చేయాలి. ఒక పారిశ్రామిక వాడలో పదిహేను యూనిట్లకు కలిపి ఒకరు చాలు. ఇలాంటి ఏర్పాటు వస్తే నావంటివారికే గిరాకీ పెరుగుతుందని ఎవరైనా అంటే కాదనను. అలాగే, ప్రభుత్వ ఆర్డర్లు తీసుకునే చిన్న సంస్థలైనా సూపర్‌వైజర్, అంతకు పైస్థాయి ఖాళీలను బహిరంగంగా ప్రకటించాలి. తెలంగాణలో 2025లో వర్గీకరణ సాధించుకున్నాం. ఎంతో పోరాడి సాధించినది అది. దాని పరిధి మాత్రం ప్రభుత్వ ఉద్యోగం, కళాశాల సీటు దగ్గర ఆగుతుంది. చర్లపల్లి షెడ్డు గడప దాటదు.

వేలు పోయిన కుర్రాడు ఇప్పుడు ప్రెస్ మీద పనిచేయడం లేదు. అదే యూనిట్లో హాజరు పట్టీ, చలాన్ల పని నేర్చుకుంటున్నాడు. బకాయిలు వాయిదాలలో తీరుతున్నాయి. వారానికొక సాయంత్రం నేను వెళ్లి అతడి పక్కన కూర్చుంటాను, ఫీజు తీసుకోవడం లేదు. ఇది పద్ధతి కాదని నాకు తెలుసు. నాకు తెలిసిన ఇలాంటి యూనిట్లు ఇంకో పదకొండు ఉన్నాయి.