రుబ్బేది ఒకరు, కొనేది ఒకరు

పల్లెల్లో చాలా ఇళ్ళలో రుబ్బురోలు మూలపడింది. పొత్రం తిప్పి తిప్పి నడుము పోగొట్టుకున్న ఆడవారికి ఇది ఊరటే. అయితే రుబ్బే మిషను కొనడానికి కొట్టుకు వెళ్ళేది మాత్రం తరచుగా మగవారు. కొట్టువారు వాట్లు ఎక్కువంటే సంబరపడి మిక్సీ తెస్తారు. తీరా ఇడ్లీలు గట్టిపడితే మాట పడేది ఇల్లాలు.

తప్పు ఆమెది కాదు. మిక్సీ బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. అది పప్పును కోస్తుందే గాని రుబ్బదు. పిండి వేడెక్కుతుంది. బ్లేడు తిరగాలని నీళ్ళు ఎక్కువ పోస్తే గారెల పిండి జారైపోతుంది. గ్రైండరులో రాళ్ళు నిదానంగా తిరిగి, రుబ్బురోటిలో మాదిరిగానే పిండిని తేలికగా పొంగేలా చేస్తాయి.

గ్రైండరు అరగంట తిరిగితే కరెంటు బిల్లు పెరుగుతుందన్న భయం కొందరిది. లెక్క చూస్తే అది నిజం కాదు. 150 వాట్ల గ్రైండరు అరగంటలో కాల్చే కరెంటును 750 వాట్ల మిక్సీ ఆరు నిమిషాల్లోనే కాలుస్తుంది.

పెద్ద గ్రైండరుకు డబ్బు పోయనక్కరలేదు. తమిళనాడులో ఇడ్లీకి బియ్యం కూడా రుబ్బుతారు. తెలుగు ఇళ్ళలో మినప్పప్పు మాత్రమే రుబ్బి రవ్వ కలుపుతారు. నలుగురైదుగురున్న ఇంటికి రెండు లీటర్లది సరిపోతుంది.

అందరికీ గ్రైండరే కావాలనడం కూడా సబబు కాదు. పచ్చళ్ళు, పొడులు, పెసరట్టు పిండికి మిక్సీయే మేలు. ఎప్పుడో ఒకనాడు ఇడ్లీ వండే ఇంటికి అదొక్కటే చాలు. చల్లని నీళ్ళు పోస్తూ, ఆపి ఆపి తిప్పితే పిండి అంతగా వేడెక్కదు.

ఏది కొన్నా ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలి. దగ్గర ఊళ్ళో బాగుచేసేవారున్నారో లేదో ముందే విచారించాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తు. తడి చేతులతో పనిచేసే చోట ఎర్తు లేని ప్లగ్గుకు మిషను తగిలించడం ప్రాణంతో చెలగాటమే. మిషను కొన్న డబ్బులో కొంత మిగిల్చయినా ముందు ఎర్తు వేయించాలి.

చివరిగా ఒక్క మాట. రోజూ ఆ రాళ్ళు ఎత్తి కడగవలసింది ఇల్లాలే. కనుక కొట్టులో వాటిని ముందుగా ఆమె చేతనే ఎత్తించి చూడాలి. ఆమె సరేనన్నాకే డబ్బు చెల్లించడం న్యాయం.