విమానమెక్కేవానికి టాక్సీ ఒక భారమా?

"విమానమెక్కగలవానికి టాక్సీ ఒక భారమా?" అని పరిహసించే పెద్దలకు నా సమాధానమిది. మా కుందుర్పి వంటి కరవుసీమ పల్లెలనుండి విమానమెక్కేది విహారయాత్రికులు కారు. అప్పుచేసి టిక్కెట్టు కొన్న గల్ఫు కూలీలూ, కూతురి కాన్పుకై అమెరికా వెళ్ళే తల్లులూను.

మాకు చేరువైన అంతర్జాతీయ విమానాశ్రయం 2008లో దేవనహళ్ళి వద్ద తెరచిన బెంగుళూరు విమానాశ్రయమే. అనంతపురం నుండి 44వ జాతీయ రహదారిపై వెళ్ళే బస్సు దాని మలుపు మీదుగానే పోతుంది. అయినా 23 కిలోల పెట్టెలు రెండు మోసుకొని రహదారి ప్రక్కన దిగవలె. లేదా మెజెస్టిక్ దాకా పోయి, వాయువజ్ర ఎక్కి, సుమారు 35 కిలోమీటర్లు వెనక్కి రావలె. ఇదేమి న్యాయం?

మైసూరునుండి కర్ణాటక ఆర్టీసీ ఫ్లైబస్సు నేరుగా విమానాశ్రయం లోపలికే నడిపింది కదా! మన బస్సులు ఆ మలుపు తిరిగితే అరిగిపోయేదేమి? రాత్రి విమానాల వేళకు రెండు బస్సులైనా లోపలికి తిప్పమని గట్టిగా అడుగుదాం, మిత్రులారా!