గూడు విడిచిన పిల్లకు కూడా మేత కావాలె

పిచ్చుక పిల్ల గూటిలోంచి బయటికి వచ్చిందంటే ఇంక దానికి తల్లితో పని లేదని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పిచ్చుక ఎక్కువగా మన ఇండ్లల్లోనే గూడు పెడుతుంది. కప్పు గడ్డిలో, వాసాల సందుల్లో, మట్టిగోడ బొక్కల్లో పెడుతుంది. పాత సోమశిల శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. గుళ్ళను కూడా విప్పి, మెట్టకు తెచ్చి మళ్ళీ కట్టిండ్రు. ఇప్పుడు అన్ని ఊర్లలాగే అక్కడా స్లాబు ఇండ్లు వచ్చినయి. స్లాబుకు సందు ఉండదు. అందుకే కొందరు చెక్కపెట్టెలు కడుతున్నారు. 2010 నుంచి ప్రతి సంవత్సరం మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం కూడా జరుపుతున్నారు.

సెలవుల్లో సోమశిలలో మా అత్త వాళ్ళ వసారాకు కట్టిన పెట్టెను రోజూ చూసిన. పిచ్చుక సుమారు 12 రోజులు గుడ్లు పొదుగుతుంది. పిల్లలు ఇంకో 15 రోజులు గూట్లో ఉంటయి. పెద్ద పిచ్చుకలు గింజలు తింటయి గాని పిల్లలకు ఎక్కువగా పురుగులే పెడతయి. ఆఖరి రోజు తల్లి లోపలికి పోకుండా, పురుగు పట్టుకొని ఎదురుగా తీగ మీద కూర్చుంది. పిల్ల తల బయట పెట్టి అరిచి అరిచి చివరికి దుంకింది. నేల మీద పడ్డది. తోక పొట్టిగ ఉంది, నోటి అంచు ఇంకా పచ్చగ ఉంది. పిల్లలు పట్టుకొని పెట్టెలో పెడదామని ఉరికిండ్రు. మా అత్త, "దాని జోలికి పోకుండ్రి, దాని నాయన చూస్తుండు" అన్నది. నిజంగానే మెడ కింద నల్లగుండే మగ పిచ్చుక వచ్చి మేత పెట్టింది.

బయటికి వచ్చినంక కూడా వారం పది రోజులు తల్లీతండ్రీ మేత పెడతయి. కాబట్టి ఈకలొచ్చి గెంతే పిల్లను మళ్ళీ గూట్లో పెట్టొద్దు. పిల్లిని, కుక్కను దూరం కొడితే చాలు. ఈకలు లేని పిల్ల పడితే మాత్రం గూట్లో పెట్టాలె. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానియ్యదనేది ఉత్త మాట.

ఇప్పుడు మన సంగతి చెప్తాను. పదో తరగతి పాసైతే మనకు రెక్కలొచ్చినయంటరు. మా పెంటల ఒక అక్క పది పాసైంది. ఇంటర్‌ల చేరాలంటే టీసీ, కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ కావాలె. వాళ్ళ అమ్మానాయనకు చదువు రాదు. దరఖాస్తు ఎట్ల పెట్టాలో చెప్పేటోళ్ళు లేరు. తేదీ దాటిపోయింది. ఇప్పుడు కూలికి పోతుంది. ఆమెకు తెలివి తక్కువ కాదు. నేల మీద దిగిన ఆ పది రోజులు ఎవరూ మేత పెట్టలే. మా ఇంట్ల కూడా బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. వచ్చే ఏడు దాటితే నాదీ అదే నేల.

అట్ల వెంట తిరిగితే ఆడపిల్లలు సొంతంగా ఎప్పుడు నేర్చుకుంటరని కొందరు అడుగుతారు. పిచ్చుక కూడా బతుకంతా మేత పెట్టదు. ఆ కొన్ని రోజులే పెడుతుంది. ఆ రోజుల్లోనే పిల్ల గింజ ఏరుకోను నేర్చుకుంటుంది.

అక్కలారా, చెల్లెండ్లారా! పరీక్షల కంటే ముందే పదో తరగతి అక్కల సర్టిఫికెట్లు అన్నీ తెప్పించాలని సార్లను, మేడంలను అడుగుదాం. అక్కల పేర్లు ఒక కాగితం మీద రాసి ఈ గోడకే అంటిద్దాం. ఎవరు ఏ కాలేజీలో చేరిండ్రో ప్రతి పేరు ఎదురుగా రాసేదాక ఆ కాగితం తీయొద్దు.

— 9వ తరగతి విద్యార్థిని